ముస్కాదే వైన్, దాని వెనక ఉన్న మెలోన్ ద్రాక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

ముస్కాదే అనేది ద్రాక్ష పేరా, ఊరి పేరా?

రెండూ కాదు, వైన్ పేరు. ఫ్రాన్సులో ల్వార్ నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన నాంట్ నగరం ఉంది. దాని చుట్టూ, ముఖ్యంగా ఆగ్నేయ దిక్కున ఉన్న తోటల్లో మెలోన్ ద బుర్గోన్ అనే తెల్ల ద్రాక్ష పండుతుంది. ఆ ద్రాక్షతో చేసే తీపి లేని తెల్ల వైనే ముస్కాదే. ఫ్రెంచి వైన్లలో ఎక్కువ వాటికి ఊరి పేరో సీమ పేరో ఉంటుంది. దీనికి అలా లేకపోవడం వల్లే ఈ ప్రశ్న వస్తుంది.

చట్టం ప్రకారం ఇందులో నాలుగు రకాలున్నాయి. సెవ్ర్-ఎ-మెన్, కోతో ద లా ల్వార్ రెండింటికీ 1936లో గుర్తింపు వచ్చింది. ఏ ఉపప్రాంతం పేరూ లేని ఉత్త ముస్కాదేకు 1937లో, కోత్ ద గ్రాన్‌ల్యూకు 1994లో వచ్చింది. మార్కెట్లో తరచుగా కనబడేది సెవ్ర్-ఎ-మెన్. సెవ్ర్, మెన్ అనే రెండు చిన్న నదుల పేర్లు కలిసి ఆ పేరైంది. మొదటిసారి కొనేవారు అక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది.

మస్కట్, మోస్కాటోలకు దీనికి చుట్టరికం ఉందా?

లేదు. మస్కట్ జాతి ద్రాక్ష గుప్పున పూల వాసన వేస్తుంది, దాంతో చేసే వైన్లు తరచుగా తియ్యగా ఉంటాయి. ముస్కాదేలో ఆ వాసనా ఉండదు, ఆ తీపీ ఉండదు. మస్కట్‌తో చేసే మోస్కాటో అనుకుని ఈ సీసా తెచ్చుకున్నవారికి మొదటి గుక్కే పుల్లగా తగిలి నిరాశ కలుగుతుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరబడకండి.

బుర్గోన్ పేరున్న ద్రాక్ష నాంట్‌కు ఎలా వచ్చింది?

బుర్గోన్ అంటే మనం బర్గండీ అని వినే ప్రాంతం, ఫ్రాన్సుకు తూర్పున ఉంది. మెలోన్ పుట్టిల్లు అదే. 1999లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన, పీనో ద్రాక్షకూ గూయే బ్లాన్ అనే పాత రైతు ద్రాక్షకూ సహజంగా జరిగిన సంకరంలో ఇది పుట్టిందని తేల్చింది. షార్డొనే, గామే, అలిగోతే కూడా ఆ జంట పిల్లలే. అంటే ప్రపంచమంతా పేరున్న షార్డొనేకు మన మెలోన్ సొంత తోబుట్టువు.

పుట్టింట్లో మెలోన్‌కు ఆదరణ దొరకలేదు, బుర్గోన్‌లో దాదాపు కనుమరుగైంది. నాంట్‌లో దాని జాతకం మార్చింది డచ్చి వర్తకులు. 17వ శతాబ్దంలో వారు బట్టీలో కాచి బ్రాందీ తీయడానికి చవకైన తెల్ల వైన్ కోసం ఈ రేవుకు వచ్చేవారు. ఆ గిరాకీ కొద్దీ తెల్ల ద్రాక్ష తోటలు పెరిగాయి. ఆ తరువాత 1709లో యూరప్ అంతటినీ గడ్డకట్టించిన చలికాలం వచ్చింది. నాంట్ చుట్టుపక్కల ద్రాక్షతోటలు నాశనమయ్యాయి. మళ్ళీ నాటేటప్పుడు చలికి ఓర్చుకునే రకం కావాలని రైతులు మెలోన్‌నే ఎంచుకున్నారు. ఈ సీమ ముఖం ఈ రోజు ఇలా ఉండటానికి ఆ ఒక్క చలికాలమే పెద్ద కారణం.

చలికి ఓర్చుకుంటుందంటారు, మరి మంచుకు పంట పోయిందని ఎందుకు వింటుంటాం?

రెండూ నిజమే. చలికాలంలో తీగ నిద్రలో ఉంటుంది. ముదిరిన కొమ్మ గట్టి చలిని తట్టుకుంటుంది. కానీ మెలోన్ త్వరగా చిగురు వేసే రకం. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో లేత చిగుళ్ళు బయటికొస్తాయి. అప్పుడు ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నా కంటే రెండు మూడు డిగ్రీలు దిగినా, చిగురులోని నీరు గడ్డకట్టి కణాలు పగిలిపోతాయి. తెల్లారేసరికి కాల్చినట్టు నల్లబడతాయి. పక్క మొగ్గల నుంచి మళ్ళీ చిగురు వచ్చినా అది కాసే గుత్తులు కొద్ది. 1991, 2008, 2016, 2017, 2021 సంవత్సరాల్లో వసంతపు మంచు ఇక్కడి రైతులను గట్టిగా దెబ్బతీసింది.

తోటల్లో పెద్ద పెద్ద మైనపు దీపాలు వెలిగిస్తారు, గాలిమరల్లాంటి పంకాలు తిప్పుతారు. నేల దగ్గర చల్లగాలి, పైన కాస్త వెచ్చటి గాలి ఉన్న రాత్రుల్లోనే పంకా పనిచేస్తుంది. పై నుంచే చల్లగాలి వీచే రాత్రి ఎంత తిప్పినా చల్లగాలినే కలియబెడుతుంది.

మంచు తరువాత పెద్ద బెడద తేమ. గుత్తి చిన్నది, గింజలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. సముద్రం దగ్గర కాబట్టి వానలెక్కువ. బూజు తెగులు ఆకును, పిందెను పట్టుకుంటుంది. కోత ముందు వాన పడితే గింజలు ఉబ్బి, ఒరుసుకుని పగిలి, బూడిదరంగు కుళ్ళు మొదలవుతుంది. కుళ్ళు చేరిన రసంలో వాసన పాడవడమే కాదు, గాలి తగలగానే రంగు మారే గుణం కూడా వస్తుంది. అందుకే ఇక్కడ కోత తేదీ విషయంలో రెండు మూడు రోజుల తేడా కూడా లెక్కే.

వైన్ ఎలా తయారుచేస్తారు?

కోత సాధారణంగా సెప్టెంబరులో, వేడి ఏళ్ళలో ఆగస్టు చివరనే. చాలా తోటల్లో యంత్రంతో, కొన్ని మేలైన తోటల్లో చేత్తో కోస్తారు. గుత్తులను మెల్లగా పిండి రసం తీస్తారు, తొక్కలతో నానబెట్టరు. రసాన్ని చల్లబరిచి సుమారు 12 నుంచి 24 గంటలు కదపకుండా ఉంచితే మట్టి, తొక్కముక్కలు అడుగుకు చేరతాయి. ఈ పని చూడటానికి చిన్నదే గాని తరువాతి నెలలన్నీ దీని మీదే ఆధారపడతాయి. మురికి ఎక్కువ వదిలేస్తే వైన్‌కు కుళ్ళిన వాసనలు అంటుకుంటాయి. మరీ తేటగా చేస్తే ఈస్ట్‌కు తిండి చాలక పులియడం మధ్యలో ఆగిపోతుంది.

తేటపడిన రసం 16–20 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు వారాలు పులుస్తుంది. చక్కెర అంతా ఆల్కహాల్‌గా మారాక వైన్‌ను వేరే తొట్టిలోకి తోడకుండా, అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డి మీదే వదిలేస్తారు. ఎక్కువ మంది మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే రెండో పులియడాన్ని జరగనివ్వరు. అది జరిగితే పదును తగ్గి, మెలోన్‌కు ఉన్న ప్రధాన బలమే పోతుంది.

ఈ సీమలో పాత పద్ధతి తొట్లు నేల కింద ఉంటాయి. కాంక్రీటుతో కట్టి లోపల గాజు పలకలు అతికించినవి అవి. నేల కింద వేడి పెద్దగా మారదు కాబట్టి నెలల తరబడి వైన్ ప్రశాంతంగా ఉంటుంది. కొత్తగా పెట్టేవారు స్టీలు తొట్లు వాడుతున్నారు. ఓక్ పీపాలు అరుదు. ఇంత సన్నని వైన్ మీద చెక్క వాసన తేలిగ్గా పెత్తనం చేస్తుంది, దాన్ని వాడకపోవడమే మేలు.

లేబుల్ మీద ఉండే "సుర్ లీ" ఏం చెబుతుంది?

వైన్ మడ్డి మీద ఒక చలికాలం గడిపి, ఆ మడ్డి మీది నుంచే నేరుగా సీసాలోకి వెళ్ళిందని చెబుతుంది. పంట కోసిన మరుసటి ఏడాది మార్చి కంటే ముందు సీసాల్లో నింపకూడదు. తయారుచేసిన చోటే నింపాలి, ట్యాంకరులో వేరే ఊరికి తీసుకెళ్ళి నింపితే ఆ మాట రాసుకునే హక్కు పోతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, మెలోన్ దానంతట అది నోరు మెదపని ద్రాక్ష. సావిన్యోన్ బ్లాన్‌లా వాసనతో పలకరించదు. పులుపు, తేలికదనం, కాస్త నిమ్మ వాసన, అంతే. మిగిలిన పని మడ్డి చేస్తుంది. చనిపోయిన ఈస్ట్ కణాల గోడలు నెలల పాటు మెల్లగా కరుగుతూ మాన్నోప్రొటీన్లు, అమైనో ఆమ్లాలు వైన్‌లోకి వదులుతాయి. నోట్లో వైన్ పలచగా జారిపోకుండా కాస్త నిండుగా నిలిచేది వాటి వల్లే. రొట్టె పిండి వాసన, వేరుశనగ పప్పును గుర్తుచేసే రుచి అక్కడి నుంచే వస్తాయి. మడ్డి వైన్‌లోని ఆక్సిజన్‌ను కూడా పీల్చుకుంటుంది కాబట్టి వైన్ తాజాగా ఉంటుంది. కొంతమంది కడ్డీతో మడ్డిని అప్పుడప్పుడు కలియబెడతారు. మరీ ఎక్కువగా కలిపితే నిండుదనం పెరిగి పదును తగ్గుతుంది.

సుర్ లీ అని లేని ముస్కాదే చెడ్డదేమీ కాదు, కానీ చాలావరకు సాదాసీదాగా ఉంటుంది. ధరలో తేడా కొద్దిపాటిదైతే సుర్ లీనే తీసుకోండి.

మడ్డి మీద అన్ని నెలలుంటే వైన్ పాడవదా?

మురికి మడ్డి అయితే పాడవుతుంది. పులియక ముందే రసాన్ని తేటపరచడం అందుకే. అడుగున సన్నని ఈస్ట్ పొర మాత్రమే మిగిలితే అది వైన్‌ను కాపాడుతుంది. పొర మందంగా ఉండి గాలి ఆడకపోతే గంధకపు వాసన పుడుతుంది. కుళ్ళిన గుడ్డునో, కాల్చిన అగ్గిపుల్లనో గుర్తుచేస్తుంది. తయారీదారు తొట్టిలో తరచుగా రుచి చూస్తూ, మడ్డిని కదుపుతూ దాన్ని అదుపులో ఉంచుకోవాలి.

ఆ వాసన కొద్దిగా మీ సీసాలోకి వచ్చినా కంగారు పడకండి. వైన్‌ను ఒక జగ్గులోకి ఎత్తు నుంచి పోసి పావుగంట ఉంచండి. చాలాసార్లు పోతుంది.

ఇది బుడగల వైన్ కాదు కదా, మరి నాలుక మీద చిమచిమలాడుతోందేం?

పులిసేటప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ వైన్‌లో కొంత కరిగి ఉంటుంది. వైన్‌ను తొట్టి మార్చినప్పుడల్లా అది ఎగిరిపోతుంది. సుర్ లీ వైన్‌ను మార్చరు కాబట్టి కొంత మిగిలి సీసాలోకి వస్తుంది. గ్లాసు గోడకు నాలుగైదు చిన్న బుడగలు అంటుకోవడం, నాలుక చివర జివ్వుమనడం సహజం. సోడాలా నురగ పొంగితే మాత్రం సీసాలో మళ్ళీ పులియడం మొదలైందన్నమాట. దాన్ని దుకాణానికి తిరిగివ్వండి.

సీసా అడుగున గాజు ముక్కల్లాంటివి కనబడుతున్నాయి. తాగవచ్చా?

తాగవచ్చు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం, పొటాషియం కలిసి చలికి స్ఫటికాలుగా పేరుకుంటాయి. ఫ్రిజ్‌లో చాలా రోజులున్న సీసాల్లో మామూలే. సీసాను కాసేపు నిలబెట్టి, చివరి గుక్కెడు వదిలేసి పోసుకోండి.

ఎంత డ్రై (తీపి లేనిది)? చక్కెర, ఆల్కహాల్ ఎంత ఉంటాయి?

చక్కెర సాధారణంగా లీటరుకు 3 గ్రాముల లోపే. అంటే నాలుకకు తెలియనంత. ఆల్కహాల్ సుమారు 12 శాతం. ఆ లెక్కన 150 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 14 గ్రాముల ఆల్కహాల్, 105 కెలోరీలు. 750 మిల్లీలీటర్ల సీసా మొత్తంలో ఆల్కహాలే 71 గ్రాములు. తీపి లేదు కాబట్టి మధుమేహం ఉన్నవారికి మంచిదని కొందరు అనుకుంటారు. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఆల్కహాల్ వల్ల చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, డాక్టరును అడగకుండా తాగవద్దు.

రుచి నీళ్ళలా ఉందని కొందరంటారు. నిజమేనా?

రెండు సందర్భాల్లో నిజం. ఒకటి, ఎక్కువ దిగుబడి తీసి తొందరగా అమ్మేసిన చవక ముస్కాదే. అది నిజంగానే పలచన. రెండోది మంచి వైన్‌నే మంచులా చల్లబరిచి తాగడం. మెలోన్‌లో వాసనలు ముందే తక్కువ, చలికి అవి పూర్తిగా ముడుచుకుంటాయి.

సరిగ్గా ఉన్న సుర్ లీలో నిమ్మ, పచ్చి యాపిల్, పియర్ వాసనలు సన్నగా ఉంటాయి. వెనకాల రొట్టె పిండి, తడిసిన రాయి. మింగాక నోట్లో ఉప్పదనం లాంటిది మిగిలి మళ్ళీ ముద్ద తినాలనిపిస్తుంది. ఆ ఉప్పదనం సముద్రపు గాలి వల్ల వచ్చిందని ప్రచారం చేస్తుంటారు గాని, పులుపు, మడ్డి, తీపి లేకపోవడం కలిసి ఆ అనుభూతిని ఇస్తాయనడమే సబబు.

క్రూ కొమ్యునల్ అని ఉన్న సీసాలు ఎందుకు ఖరీదు?

ముస్కాదే అంటే చవక వైన్ అన్న ముద్రను చెరిపేస్తున్నవి ఇవే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కొన్ని గ్రామాల తోటల నుంచి వచ్చే వైన్‌కు ఆ గ్రామం పేరు పెట్టుకునే హక్కు ఇచ్చారు. 2011లో క్లిసోన్, గోర్జ్, ల పాలే అనే మూడింటికి వచ్చింది. 2019లో గులేన్, షాతో-తెబో, మోన్యేర్-సాన్ ఫియాక్ర్, మూజియోన్-తిల్యేర్ చేరాయి.

నియమాలు కఠినం. మామూలు సెవ్ర్-ఎ-మెన్‌లో హెక్టారుకు సుమారు 55 హెక్టోలీటర్ల (ఒక్కోటి 100 లీటర్లు) దాకా తీయవచ్చు. క్రూలలో 45కు ఆపాలి. తీగకు గుత్తులు తగ్గితే ఉన్న గుత్తుల్లో సారం పెరుగుతుంది. మడ్డి మీద ల పాలేలో దాదాపు ఏడాదిన్నర, క్లిసోన్, గోర్జ్‌లలో రెండేళ్ళు ఉంచాలి. కొందరు మూడు నాలుగేళ్ళు కూడా ఉంచుతారు. అంతకాలం తొట్టి ఖాళీ అవదు, డబ్బు తిరిగిరాదు. ఖరీదుకు అదే కారణం.

ఇక్కడ కొనేవారు తికమకపడే విషయం ఒకటుంది. సుర్ లీ అన్న మాట ఒకే ఒక్క చలికాలం గడిపిన వైన్‌కు పరిమితం. క్రూ వైన్ అంతకంటే ఎక్కువ కాలం మడ్డి మీద ఉంటుంది కాబట్టి దాని లేబుల్ మీద ఆ మాట కనబడదు. లేదని పక్కన పెట్టేయకండి.

కింద ఉన్న రాయిని బట్టి నిజంగా రుచి మారుతుందా?

మారుతుంది, కానీ రాయి కరిగి వైన్‌లోకి రావడం వల్ల కాదు. ఈ ప్రాంతమంతా ఆర్మోరికన్ అనే చాలా పురాతన పర్వతాల శేషం. క్లిసోన్ కింద గ్రానైట్. అది చితికి ఇసుకలా మారుతుంది, నీరు నిలవదు, త్వరగా వేడెక్కుతుంది. ద్రాక్ష బాగా పండి వైన్ నిండుగా, పండిన పండ్ల వాసనతో వస్తుంది. గోర్జ్ కింద గాబ్రో. ముదురు రంగులో, గ్రానైట్ కంటే బరువైన అగ్నిశిల అది. చితికితే బంకమట్టి అవుతుంది. చల్లగా ఉంటుంది, నీరు పట్టి ఉంచుతుంది. పంట ఆలస్యంగా పండుతుంది, పులుపు పదునుగా నిలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు గోర్జ్ వైన్ బిగుసుకుని ఉంటుంది. నాలుగైదేళ్ళకు విచ్చుకుంటుంది. కుదిరితే ఒకే ఏడాది క్లిసోన్, గోర్జ్ సీసాలు పక్కపక్కన పెట్టి రుచి చూడండి.

లేబుల్ మీద ఏమేం చూడాలి?

ముందు సెవ్ర్-ఎ-మెన్ అనో, క్రూ గ్రామం పేరో ఉందా అని. తరువాత పంట సంవత్సరం. తరువాత సీసాలో నింపింది ఎవరు అన్నది. తోట యజమానే నింపితే డొమేన్ లేదా షాతో (అంటే ఆ తోట ఎస్టేటు) దగ్గర నింపినట్టు ఫ్రెంచిలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పెద్ద వర్తక సంస్థలు నింపినవాటిలోనూ మంచివి ఉన్నాయి గాని, తెలియని పేర్ల మధ్య ఎంచుకోవలసి వస్తే తోటవాళ్ళ సీసా వైపు మొగ్గండి. ఫ్రాన్సులో మామూలు సుర్ లీ తరచుగా 6–10 యూరోలకు, క్రూ 12–20 యూరోలకు దొరుకుతుంది. ఆ ధరకు ఈ నాణ్యత ఇచ్చే ఫ్రెంచి తెల్ల వైన్లు చాలా తక్కువ.

షాబ్లీ, సాన్సెర్ అనే ఫ్రెంచి వైన్లకు దీనికి తేడా ఏమిటి?

షాబ్లీ షార్డొనేతో చేస్తారు. అదీ పుల్లగానే ఉంటుంది గాని నోట్లో నిండుదనం ఎక్కువ. సాన్సెర్ తెల్ల వైన్ సావిన్యోన్ బ్లాన్. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే గడ్డి, పంపరపనస వాసన తెలుస్తుంది. ముస్కాదే ఈ మూడింటిలో తేలికైనది, చవకైనది. నాంట్ దగ్గరే ఫోల్ బ్లాన్ష్ ద్రాక్షతో చేసే గ్రో ప్లాన్ అనే వైన్ కూడా ఉంది. అది ఇంకా పులుపు, గుల్లచేపలు (ఆయిస్టర్లు) లేకుండా తాగడం కష్టం.

ఎంత చల్లగా తాగాలి?

మామూలు సుర్ లీ 8–10 డిగ్రీలు, క్రూలు 11–13 డిగ్రీలు. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, తీశాక పావుగంట ఆగండి. హైదరాబాదు, విజయవాడ ఎండాకాలంలో ఐదు నిమిషాలు చాలు, గ్లాసులో పోశాక ఇంకా త్వరగా వేడెక్కుతుంది. అందుకే సగం గ్లాసే పోసుకుని సీసాను చల్లగా ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడదాకా ముంచండి. 15–20 నిమిషాల్లో చల్లబడుతుంది. ఉత్త ఐసు కంటే నీళ్ళు కలిసిన ఐసు సీసాను అన్ని వైపులా తాకుతుంది కాబట్టి త్వరగా పనిచేస్తుంది. వైన్‌లో ఐసు ముక్కలు వేయవద్దు.

ఎన్నాళ్ళు దాచవచ్చు?

మామూలు సుర్ లీ రెండు నుంచి ఐదేళ్ళు, మంచి ఏడాదిలో మంచి తోటదైతే ఇంకా ఎక్కువ. క్రూలు పదేళ్ళు దాటి కూడా బాగుంటాయి. అప్పటికి తేనె, బాదం వాసనలు వస్తాయి, పులుపు మాత్రం నిలిచే ఉంటుంది. ఇదంతా 12–14 డిగ్రీల చీకటి గదిలో దాచినప్పటి మాట. మన ఇళ్ళల్లో అల్మరాలో పెడితే ఒక్క వేసవికే ముసలిదైపోతుంది. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో అడుగు అరలో పడుకోబెట్టి కొన్ని నెలల్లో తాగేయండి. ఎండలో ఆపిన కారులో ఒక్క మధ్యాహ్నం వదిలేసినా చాలు, వైన్ ఉడికిపోతుంది.

తెరిచిన సీసా మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటుంది. ఆ తరువాత వంటకు వాడుకోండి.

సీసా చెడిపోయిందని ఎలా గుర్తించాలి?

తడిసిన అట్టపెట్టె వాసన వేస్తే కార్క్ దోషం. దాన్ని బాగుచేయలేం. రంగు లేత పసుపు నుంచి ముదురు బంగారు రంగుకు మారి, కోసి వదిలేసిన యాపిల్ వాసన వేస్తే గాలి తగిలింది. పాత క్రూలలో కొంత బంగారు ఛాయ సహజమే, లేత సీసాలో కాదు. కార్క్ పైకి తోసుకొచ్చి మెడ చుట్టూ జిగట మరకలుంటే వేడి తగిలింది. ఇది కొనేముందే కనబడుతుంది, చూసి తీసుకోండి.

ఏ తిండితో బాగుంటుంది? మన వంటలతో కుదురుతుందా?

నాంట్ వాసులకు గుల్లచేపలు, ఆల్చిప్పలే తోడు. పచ్చి గుల్లచేప ఉప్పదనానికి ఈ వైన్ నిమ్మరసం చేసే పని చేస్తుంది. క్రూలు ఇంకొంచెం బరువును మోస్తాయి. వెన్నతో చేసిన చేప, కోడి మాంసం, మేక పాల చీజ్‌తో బాగుంటాయి.

మన వంటల్లో చింతపండు పులుసుతో కుదరదు. పులుసులోని పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది. నెల్లూరు చేపల పులుసు పక్కన ఇది పెడితే రెండింటికీ అన్యాయమే. గుంటూరు కారం పడ్డ వేపుళ్ళతో కూడా అంతే, కారం మీద ఆల్కహాల్, పులుపు మంట పెంచుతాయి. మిరియాలు, వెల్లుల్లి, నిమ్మరసంతో వేయించిన రొయ్యలు, పండుగప్ప పెనం మీద వేపుడు, కొబ్బరిపాలతో తేలిగ్గా చేసిన చేప, ఉప్పూ పసుపూ వేసి ఉడికించిన పీతలతో చక్కగా నప్పుతుంది. శాకాహారంలో ఉప్మా పెసరట్టు కంటే కారం లేని వడలు, పకోడీలు మేలు. నూనె జిడ్డును ఈ పులుపు కడిగేస్తుంది.

నాంట్ వెన్న సాసు ఎలా చేయాలి?

బ్యూర్ బ్లాన్ అనే ఈ సాసును 19వ శతాబ్దం చివర్లో, నాంట్ దగ్గర సాన్ జులియాన్ ద కోన్సెల్‌లో వంటలు చేసిన క్లెమాన్స్ లఫేవ్ర్ అనే ఆమె కనిపెట్టిందని అక్కడివారు చెబుతారు. నలుగురికి 60 గ్రాముల షాలట్లు కావాలి. మన సాంబారు ఉల్లిపాయలు సరిపోతాయి. సన్నగా తరిగి, 100 మిల్లీలీటర్ల ముస్కాదే, 50 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్‌తో మందపాటి గిన్నెలో మరిగించండి. అడుగున రెండు చెంచాల ద్రవం మిగలగానే మంట బాగా తగ్గించండి. ఉప్పు లేని చల్లటి వెన్న 200 గ్రాములు చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కా వేస్తూ ఆపకుండా గిలకొట్టండి. ముందు ముక్క కలిశాకే తరువాతిది వేయాలి. మీగడలా చిక్కబడ్డాక ఉప్పు చూసి వెంటనే వడ్డించండి.

ఇది విరగడానికి కారణం దాదాపు ఎప్పుడూ వేడే. 60 డిగ్రీలు దాటితే వెన్నలోని కొవ్వు విడిపోయి నూనె తేలుతుంది. గిన్నె అడుగును చేత్తో తాకలేనంత వేడిగా ఉంటే పొయ్యి మీది నుంచి దించేయండి. విరగడం మొదలైతే చెంచాడు ఐసు నీళ్ళు వేసి గట్టిగా గిలకొడితే తరచుగా కలిసిపోతుంది. పూర్తిగా విరిగితే వేరే గిన్నెలో చెంచాడు క్రీమ్ వేడిచేసి, విరిగిన సాసును కొద్దికొద్దిగా అందులో పోస్తూ కలపండి. మజ్జిగ చిలికి తీసిన ఇంటి వెన్న వాడేటట్టయితే నీరు బాగా పిండేసి, వెనిగర్ సగానికి తగ్గించండి. కొర్రమీను, పండుగప్ప ముక్కలు ఆవిరి మీద ఉడికించి దీనితో వడ్డిస్తే చాలా బాగుంటుంది.

శాకాహారులు తాగవచ్చా?

ద్రాక్ష, ఈస్ట్ వరకు ఇబ్బంది లేదు. తేటపరచడానికి కొందరు కోడిగుడ్డు తెల్లసొన, పాల కేసిన్, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడతారు. కొందరు బెంటొనైట్ అనే బంకమన్ను వాడతారు. గుడ్డు, పాలు మిగిలితే యూరప్ నియమాల ప్రకారం లేబుల్ మీద చెప్పాలి, ఐసింగ్లాస్‌కు ఆ నియమం లేదు. కాబట్టి జంతు పదార్థాలేవీ వాడలేదని చెప్పే వీగన్ గుర్తు ఉన్న సీసా తీసుకోవడమే నిశ్చింత. సల్ఫైట్లు అన్నింటిలోనూ ఉంటాయి. డ్రై తెల్ల వైన్లకు యూరప్‌లో గరిష్ఠ పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు. ఉబ్బసం ఉన్నవారు జాగ్రత్తగా ఉండాలి.

మెలోన్ వేరే దేశాల్లో పండుతుందా? మన దగ్గర?

అమెరికాలో ఒరెగాన్‌లో కొందరు పండిస్తున్నారు. కాలిఫోర్నియాలో పీనో బ్లాన్ అనుకుని పెంచిన తీగల్లో చాలా వరకు మెలోన్ అని 1980 ప్రాంతంలో ఫ్రెంచి ద్రాక్ష శాస్త్రవేత్త పియేర్ గాలే ఆకులు చూసి గుర్తుపట్టాడు.

మన దక్కనులో దీనికి పొసగదు. చలికాలపు నిద్ర లేదు, పండే కాలంలో వేడికి మాలిక్ ఆమ్లం ఖర్చయిపోతుంది. హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహి లాంటి తినే ద్రాక్షలు పండిన నేల ఇది, పులుపే ప్రాణమైన మెలోన్‌కు కాదు. మన దుకాణాల్లో ముస్కాదే అరుదు. విదేశం నుంచి వచ్చేవారు సుంకం లేకుండా 2 లీటర్ల దాకా మద్యం తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. చెకిన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి.

తోటలు చూడాలంటే?

పారిస్ మోంపర్నాస్ నుంచి నాంట్‌కు వేగపు రైలులో రెండు గంటల పైచిలుకు. నాంట్ నుంచి క్లిసోన్ వెళ్ళే రైలు దారిలోనే ల పాలే, గోర్జ్ స్టేషన్లున్నాయి, కారు లేకపోయినా ఫరవాలేదు. ల పాలేలో ఈ ద్రాక్షసీమ మ్యూజియం ఉంది. మధ్యయుగపు తత్త్వవేత్త అబెలార్ పుట్టిన ఊరు కూడా అదే. సెల్లార్లకు ముందుగా ఫోను చేసి వెళ్ళండి. సెప్టెంబరు కోతల్లో చాలామంది అతిథులను చూడలేరు, మే, జూన్ నెలలు అనుకూలం. రుచి చూసేటప్పుడు మామూలు సుర్ లీతో మొదలుపెట్టి క్రూలకు, వాటిలోనూ కొత్త ఏడాది నుంచి పాత ఏడాదికి వెళ్ళండి. ఉమ్మడానికి గిన్నె ఇస్తారు, మొహమాటపడకుండా వాడండి.